రబ్బరు కాలుతో కృష్ణా డెల్టాకి

విజయవాడ బస్టాండు

విజయవాడ బస్టాండులో మొదట దిగింది నేను కాదు, నా సంచిలోంచి ఒక కాలు.

తొడ నుంచి పాదం దాకా ఉన్న రబ్బరు కాలు అది. సంచి జిప్పు దారిలో ఎక్కడ విడిపోయిందో తెలియదు. సంచులు కుట్టేవాడి సంచే ఇలా ఉంటుందని మా ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటుంది. నేను బస్సు మెట్టు మీద ఉండగానే ఆ కాలు జారి, చెరకురసం తాగుతున్న ఒక పెద్దాయన చెప్పుల పక్కన పడింది. మా ఆదోనిలో అయితే ఆపాటికి కేకలు, గుంపు, గుంపుని చూడటానికి ఇంకో గుంపు. పెద్దాయన మాత్రం గ్లాసు పక్కన పెట్టి, వంగి చూసి, "ఏవండీ, మీ కాలు పడిపోయిందండీ" అన్నాడు.

ఒక్క కాలికి రెండు అండీలు. ఈ వైపు మర్యాదకి కొదవ లేదని అప్పుడే తెలిసింది. ఆ మర్యాదే మా పనికి అడ్డం పడుతుందని తెలియడానికి ఇంకో రోజు పట్టింది.

నా సంగతి చెప్పాలి. పేరు సుంకన్న. ఆదోనిలో లారీ టార్పాలిన్లు, ఆటో సీట్లు, బడి సంచులు కుడతాను. ఏడో తరగతిలో నేను బడిని వదిలానా, బడి నన్ను వదిలిందా అన్నది మా లెక్కల మాస్టారికే తెలియాలి. నాతో వచ్చినావిడ శశికళ గారు. కర్నూలులో ఒక ఆసుపత్రిలో ప్రమాదాల వార్డు చూసే డాక్టరమ్మ. కారు సీటు చిరిగి ఒకసారి నా దుకాణానికి వచ్చి, సీటు సంగతి మర్చిపోయి, లారీ సరుకుని బిగించే బెల్టుని అరగంట చేత్తో తిప్పి చూశారు. అలా మొదలైంది మా స్నేహం.

చెయ్యో కాలో తెగి రక్తం చిమ్ముతుంటే, గాయానికి నాలుగు వేళ్ళు పైన బిగించి ఆ రక్తాన్ని ఆపే పట్టీ ఒకటుంది. డాక్టర్లు దాన్ని టోర్నికే అంటారు. ఆ మాట నా నోట్లో సరిగ్గా తిరగదు, కాబట్టి నేను పట్టీ అంటాను. పెద్ద రక్తనాళం తెగితే మనిషికి మిగిలేవి కొద్ది నిమిషాలే. అంబులెన్సు ఎంత తొందరపడినా పొలం గట్టు దాకా రావాలి కదా. ఆ మధ్యలో పక్కనున్నవాడి చేతుల్లోనే అంతా ఉంటుంది.

డాక్టరమ్మ మూడు రకాల పట్టీలు గీసి ఇస్తే నేను కుట్టాను. పేర్లు నావే. పట్టీలో దూర్చిన పొట్టి కర్రని తిప్పి బిగించేది కర్రోడు. రబ్బరులా లాగి చుట్టేది సాగుడోడు. లారీ బెల్టులాగా పళ్ళున్న బకిలుతో కటకటా బిగిసేది పళ్ళోడు. వీళ్ళలో ఒక్కడినే ఎంచి పంపాలి. గెలిచినవాడు కోత మిషన్ల మీద, ట్రాక్టర్లలో, మిల్లుల్లో ఉంచే ప్రథమ చికిత్స పెట్టెలకెక్కుతాడు. అందుకే పొలాలూ మిషన్లూ ఎక్కువగా ఉన్న చోట, ఏ చదువూ శిక్షణా లేని చేతులతో పరీక్ష పెట్టాలని డెల్టాకి బయల్దేరాం.

నాకు పళ్ళోడు గెలవాలి. దానికి నేను సొంత బుర్రతో ఒక ఎర్ర నాలుక కుట్టాను. ఆ నాలుక ఒక్క లాగు లాగితే పళ్ళన్నీ విడిపోయి పట్టీ వదులవుతుంది. "ఇదెందుకు సుంకన్నా?" అని డాక్టరమ్మ అడిగితే, "బిగించినోనికి వదిలే దారి గూడా ఉండాల గదా మేడమ్" అన్నాను. ఆమె దాన్ని ఒకసారి లాగి చూసి, "సరే, పరీక్షలో తేలుతుంది" అన్నారు.

ఇంకో కారణం ఉంది. మా తమ్ముడు ఎల్లప్ప చెయ్యి కొన్నేళ్ళ కింద వేరుశనగ నూర్చే మిషన్లో పడింది. తువ్వాలు చింపి కట్టు కట్టింది నేనే. ఆసుపత్రి గేటు దాటకముందే వాడు పోయాడు. ఇదంతా డాక్టరమ్మకి తెలుసు, ఒక్క ముక్క తప్ప. పళ్ళోడి లోపలి మడతలో, ఎవరి కంటా పడని చోట, వాడి పేరు కుట్టి ఉంది. ఆ సంగతీ ఆమెకి తెలియదు.

భవానీపురం

భవానీపురంలో మాకు బస సుశీల గారింట్లో. రిటైరైన నర్సు. నలభై ఏళ్ళు జనానికి సూదులు పొడిచి, ఇప్పుడు మాటలతో పొడుస్తున్నారు. ఇంటికి మూడు సందుల అవతలే కృష్ణ. అన్ని నీళ్ళు ఒకే చోట చూడటం నాకు మొదటిసారి. మా వీధిలో కుళాయి వచ్చిన రోజు బిందెలన్నీ పెళ్ళికి బయల్దేరినట్టు వరసలో నిలబడతాయి. ఇక్కడ సుశీల గారు వాకిలి కడగడానికి పోసిన నీళ్ళు చూస్తే నాకు గుండె పట్టేసినంత పనైంది.

"ఏంటి సుంకన్న గారూ, నీళ్ళకేసి అలా చూస్తున్నారు?" అన్నారు.

నా పేరుకి గారు తగిలించిన మొదటి మనిషి ఆమే. నేను వెనక్కి తిరిగి ఇంకో సుంకన్న ఎవరైనా ఉన్నాడేమోనని చూశాను.

పొద్దున పెసరట్టు పెట్టారు, లోపల ఉప్మాతో. అట్టు లోపల ఉప్మా ఏంటో, తినే దాంట్లో ఇంకో తినేది దాచడం ఏంటో నాకు అంతు పట్టలేదు. మా వైపు పొద్దున్నే ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జి. ఎవరి దారి వాళ్ళది, కలిసి ప్లేటులో కూర్చుంటాయి, అంతే. సందు చివర టిఫిన్ బండి మీద ఇదే పెసరట్టు అరవై రూపాయలు. సుశీల గారింట్లో దానికి ధర, ఆమె చర్చి సంగతులు మొత్తం వినడం. బండి దగ్గరే చవకగా తేలేది.

ఆ చర్చి మహిళా సంఘం వాళ్ళే మా మొదటి పరీక్షకి వచ్చారు. వరండాలో రబ్బరు కాలు పడుకోబెట్టి, మిఠాయి రంగు కలిపిన నీళ్ళ డ్రమ్ముకి గొట్టం తగిలించి, చిన్న మోటారు ఆన్ చేస్తే, కాలి మీది గాటు లోంచి ఎర్రనీళ్ళు గుండె కొట్టుకున్నట్టు చిమ్ముతాయి. పట్టీ సరిగ్గా బిగిస్తే ఆగుతాయి. ఎంతసేపు పట్టింది, ఎన్ని నీళ్ళు పోయాయి అన్నది డాక్టరమ్మ రాసుకుంటారు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏంటి సుశీలా, కోళ్ళు కోస్తున్నారా? మాకు చెప్పలేదేం?" అంది.

వాళ్ళ పని చూడాలి మీరు. బియ్యం బస్తా మూతి కట్టినట్టు, మోకాలు ఆనించి, పళ్ళు కరిచి బిగించారు. కర్రోడితో కొందరు, సాగుడోడితో కొందరు కొంచెం తడబడ్డారు. పళ్ళోడితో మాత్రం ఒక్కరు తప్ప అందరూ చిటికెలో ఆపేశారు. ఆ ఒక్కావిడ కూడా ఫోనొచ్చి మధ్యలో మాట్లాడింది కాబట్టి ఆగింది.

"చూసినారా మేడమ్, మా పళ్ళోడు!" అన్నాను.

"రబ్బరు మీద గెలిచాడు సుంకన్నా. తొందరపడకు."

తొందరపడ్డాను. ఆ పూట మా ఆవిడకి ఫోన్ చేసి పని అయిపోయినట్టే అని చెప్పేశాను.

కంకిపాడు

రెండో రోజు కంకిపాడు. రెండు కోత మిషన్లు నడిపే రాంబాబు గారి షెడ్డులో, మిషన్ల మీద పనిచేసే మగవాళ్ళతో పరీక్ష. రాంబాబు గారు తెల్ల చొక్కా మనిషి. నాకు కుర్చీ వేయించి, ఫ్యాను నా వైపు తిప్పించి, కాఫీ ఇప్పించి, ఆ తర్వాతే "తమరెవరండీ?" అని అడిగారు. మా వైపు ముందు ఎవరో తేల్చుకుంటాం, కాఫీ సంగతి తర్వాత.

అక్కడ నేనో ఘనకార్యం చేశాను. డ్రమ్ములో వడకట్టిన నీళ్ళే పోయాలని డాక్టరమ్మ చెప్పి ఉన్నారు. షెడ్డు వెనకే నిండుగా కాలవ. నీళ్ళంటే నీళ్ళే కదా, అదీ ఊరికే వస్తున్న నీళ్ళు! బకెట్లతో ముంచి పోశాను. పావుగంటలో ఒండ్రు మోటారులోకి పోయి, అది గురక పెట్టినట్టు రెండు చప్పుళ్ళు చేసి పడుకుంది. రబ్బరు కాలు ఎండిపోయింది. మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ నన్ను చూసిన చూపుకి రక్తం దానంతటదే ఆగిపోతుంది, పట్టీ అక్కర్లేదు.

"నా కాలుంది గదా మేడమ్" అన్నాను. తప్పు చేసినవాడు ఏదో ఒకటి ఇవ్వాలి కదా.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. బీపీ చూశారు. ఒక్కోసారి నిమిషం మించి ఉంచననీ, మధ్యలో విశ్రాంతి ఇస్తాననీ, తాను వద్దన్న క్షణం ఆపాలనీ అందరి ముందూ చెప్పి, అప్పుడు నన్ను నవారు మంచం మీద పడుకోబెట్టారు. పెన్ను లాంటి ఒక యంత్రం నా పాదం మీద ఆనిస్తే లోపల రక్తం పరిగెత్తే చప్పుడు షుక్ షుక్ అని బయటికి వినిపించింది. పట్టీ సరిగ్గా బిగిస్తే ఆ చప్పుడు ఆగాలి. నా రక్తం చప్పుడు నేను వినడం అదే మొదలు. చిన్న రైలింజను లాగా పోతూనే ఉంది పాపం, నన్ను ఏనాడూ ఏమీ అడక్కుండా.

మొదటి మనిషి వచ్చాడు. ఆరడుగులు, చేతులు రోకళ్ళలా ఉన్నాయి. పళ్ళోడిని నా తొడకి చుట్టి రెండు పళ్ళు లాగాడు. ఆగాడు.

"నొప్పిగా ఉందాండీ?"

"అమ్మా!" అన్నాను. నటనే. ఊరికే పడుకుంటే విసుగు కదా.

అంతే, ఎర్ర నాలుక సర్రున లాగేశాడు. "అయ్యయ్యో, సారీ అండీ!"

షెడ్డంతా నవ్వింది. నాకు ఊపొచ్చింది. రెండోవాడికి "ఓర్నాయనో" అన్నాను, మూడోవాడికి మా ఆవిడ పేరు పెట్టి పిలిచాను. ఒక్కొక్కడూ నాలుక లాగి, నా తొడ నిమిరి మరీ వెళ్ళాడు. నా జన్మలో నా తొడకి అంత గౌరవం దక్కలేదు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "సుంకన్నా, నాటకాలు కట్టిపెట్టు. వీళ్ళు నిన్ను చూసి ఆగుతున్నారు" అన్నారు.

సరే, నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. గోడ మీద బల్లిని చూస్తూ రాయిలా పడుకున్నాను. అయినా ఒక్కడూ పూర్తిగా బిగించలేదు. కర్రోడిని రెండు చుట్లు తిప్పి నా మొహం వైపు చూసేవాళ్ళు. సాగుడోడినైతే పెళ్ళికొడుక్కి తలపాగా చుట్టినంత సుతారంగా చుట్టారు. "బిగించమంటారా అండీ?" అని నన్నే అడిగారు. కాలు తెగి పడున్నవాడిని అనుమతి అడిగితే వాడేం చెబుతాడు? పెన్ను మాత్రం షుక్ షుక్ మంటూనే ఉంది.

"సగం బిగిస్తే అసలు కట్టనిదానికంటే చెడ్డది" అని డాక్టరమ్మ అందరికీ చెప్పారు. "రక్తం కిందికి పోతుంది, పైకి తిరిగి రాలేదు, గాయం లోంచి ఇంకా ఎక్కువ కారుతుంది. సరిగ్గా బిగిస్తే నొప్పి పుడుతుంది. పుట్టి తీరాలి."

అందరూ తలలూపారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ "నొప్పిగా ఉందాండీ?"

మధ్యలో రాంబాబు గారు పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "పాము కరిచినా ఇదే కట్టొచ్చు కదండీ? మా పొలాల్లో తెగిన కాళ్ళకంటే పాములే ఎక్కువ" అన్నారు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "వద్దు, వద్దు! పాముకి ఇది కడితే కాలే పోవచ్చు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళడమే." ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీశారు. అంత దూరం వచ్చి అడక్కపోతే ఆ ప్రశ్న కర్నూలులో ఎవరికి తోచేది?

మధ్యాహ్నం రాంబాబు గారింట్లో భోజనం. చేపల పులుసు. ఒక్క చేపలో అన్ని ముళ్ళు ఎందుకు పెట్టాడో దేవుడు, మా మేకకి అలాంటి గొడవ లేదు. పులుసు మాత్రం మళ్ళీ అడిగేలా ఉంది, కానీ అడిగే అవసరం రానిస్తేనా? "చాలండీ" అంటే ఇంకో గరిటె. "వద్దండీ" అంటే రెండు. చెయ్యి అడ్డం పెడితే చేతి మీద పోశారు. నాకు అక్కడే తట్టింది. ఇదే మనుషులు అన్నం వడ్డించేటప్పుడు వద్దని మొత్తుకున్నా వినరు, పట్టీ బిగించేటప్పుడు అబ్బా అంటే చాలు, వెంటనే వినేస్తారు. దేవుడు ఈ రెండూ తారుమారు చేసి ఉంటే మా పని పొద్దున్నే అయిపోయేది.

కాలవ గట్టు

కంకిపాడు నుంచి పామర్రు వైపు పోతూ కాలవ పక్కన టీకి ఆగాం. టీ పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం బొటనవేలంత. అటూ ఇటూ వరి, కోసినది కొంత, నిలబడినది కొంత, గాలివానకి చాప పరిచినట్టు పడిపోయినది కొంత. మా ఎర్రనేల మీద కంటికి ఆగే చోటు ఉంటుంది, ఒక గుట్టో, ఒక తుమ్మచెట్టో. ఇక్కడ చూపు పోతూనే ఉంటుంది, దానికి బ్రేకులుండవు.

డాక్టరమ్మ తన గ్లాసు ఖాళీ చేశారు. తర్వాత పుస్తకం తెరిచారు.

"రబ్బరు కాలు మీద అందరూ పాసయ్యారు. నీ కాలు మీద అందరూ ఫెయిలయ్యారు. తేడా ఏంటి?"

"నా కాలు అందంగా ఉంటది మేడమ్."

నవ్వలేదు. "రబ్బరుకి నొప్పి లేదు. ఇన్నాళ్ళూ నేను పట్టీని పరీక్షిస్తున్నాననుకున్నాను. పరీక్షించాల్సింది జాలిని. ఇంకో మాట. నీ నాలుక. అవకాశం దొరికిన ప్రతివాడూ దాన్ని లాగాడు. కర్రోడిని వదులు చేయాలంటే కాస్త తిప్పలు పడాలి. నీదానికి ఆలోచనే అక్కర్లేదు." పుస్తకం మూసి, "అసలు అది ఎందుకు పెట్టావు సుంకన్నా?" అన్నారు.

నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం తయారుగా ఉంటుంది. ఆ క్షణం జేబులన్నీ తడుముకున్నా ఒక్కటీ దొరకలేదు. "టీ చల్లారిపోతాంది మేడమ్" అన్నాను. అప్పటికే తాగేశాను.

పామర్రు

మూడో రోజు పామర్రు దగ్గర ఒక చేలో. పడిపోయిన పైరుని మిషన్ కొయ్యలేదు, అందుకని ఆడవాళ్ళు కొడవళ్ళతో కోస్తున్నారు. వాళ్ళ ముఠాకి పెద్ద నాగరత్నమ్మ. అరవైకి దగ్గర, సన్నగా ఎండిన చింతబరిక లాంటి మనిషి. భోజనాల వేళ కుప్ప నీడలో కూర్చుని, మజ్జిగలో పచ్చిమిరపకాయ నలుపుకుంటూ డాక్టరమ్మ చెప్పిందంతా విన్నది.

"అంటే ఈ అబ్బాయి కాలు మేం కట్టాలా?"

"అవునమ్మా."

"ఏం చేశాడు పాపం?"

"కాలవ నీళ్ళు పోసి మోటారు చెడగొట్టాడు."

"అయితే కట్టాల్సిందే" అని చెయ్యి కడుక్కుంది.

గడ్డి మీద పడుకున్నాను. డాక్టరమ్మ పెన్ను పాదం మీద ఆనించారు. షుక్ షుక్. నాగరత్నమ్మ మూడు పట్టీలూ చూసి పళ్ళోడిని తీసింది. నాకు లోపల సంతోషం. అది ఒక్క క్షణమే. ఆమె నన్నేమీ అడగలేదు. నా మొహం వైపే చూడలేదు. మోకాలు నా తొడ మీద మోపి, వరి మోపు కట్టినట్టు పట్టీ లాగి, కట కట కట కట మని బిగించింది. నిజంగా అరిచాను. ఈసారి నటన లేదు. ఎముకలోంచి వచ్చిన అరుపు.

"వదిలెయ్యి పిన్నీ, పాపం!" అన్నారు ఆడవాళ్ళు.

"అరవనీ" అంది, ఇంకో పన్ను లాగుతూ. "అరుస్తున్నాడంటే బతికే ఉన్నాడుగా. నోరు మూశాడంటే అప్పుడే మనం ఏడవాల్సింది."

పెన్ను ఆగిపోయింది. రెండు రోజుల్లో మొదటిసారి. నా రైలింజను నిలిచిపోయిన ఆ నిశ్శబ్దంలో ఒక చెయ్యి ఎర్ర నాలుక వైపు పాకుతూ వచ్చింది. ఎవరిదా అని చూస్తే నాదే. నాగరత్నమ్మ దాని మీద ఫట్టున ఒక్కటి కొట్టింది. "చెయ్యి తియ్యి. కట్టించుకునేవాడివి నువ్వు, విప్పేవాడివి కాదు."

నిమిషం కూడా కాకుండానే డాక్టరమ్మ విప్పేశారు. కాల్లోకి వేడిగా రక్తం తిరిగొచ్చింది. పెన్ను మళ్ళీ పాడింది. నేను మాత్రం లేవలేకపోయాను.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?" అని డాక్టరమ్మ అడిగారు.

"నేర్చుకునేదేముంది? గేదె కడుపులో దూడ అడ్డం తిరిగితే లోపల చెయ్యి పెట్టి లాగేది నేనే ఈ చుట్టుపక్కల. అది అరుస్తుందని మధ్యలో వదిలేస్తే తల్లీ పోద్ది, పిల్లా పోద్ది. పనయ్యాక గంగడోలు నిమురుతాను. జాలి అప్పుడు."

అప్పుడు చెప్పాను. ఎందుకు అప్పుడే చెప్పానో నాకు తెలియదు. గడ్డి మీద కూర్చుని, ఎవరి మొహం చూడకుండా, తొడ మీది ఎర్రటి గీతని చూస్తూ చెప్పాను.

"నేను మా తమ్మునికి గట్టిగానే కట్టినా మేడమ్. రక్తం ఆగింది గూడా. ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుని 'అన్నా, శానా నొప్పి, కొంచెం వదులు చెయ్యన్నా' అన్యాడు. చేసినా. 'ఇప్పుడు బాగుందన్నా' అన్యాడు. ఇంగ అరవలేదు. నొప్పి తగ్గిందనుకున్యా."

డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేశారు. నాగరత్నమ్మ తన మజ్జిగ గిన్నె నా ముందుకి తోసింది.

"తెలియక చేశావు. జాలితో చేశావు" అంది. "ఇప్పుడు తెలిసిందిగా. మరి ఆ ఎర్రదాన్ని ఇంకా అట్టిపెట్టావేం?"

తమ్ముడికి నేను చేసిన తప్పుకే ఒక పిడి కుట్టి, దానికి ఎర్ర గుడ్డ తొడిగి, ఊరూరా తీసుకొచ్చి చూపిస్తున్నానని అప్పటిదాకా నాకు తోచలేదు. ఎవరైనా వాడిలా అడిగితే వెంటనే వదలడానికి వీలుగా ఉండాలని కదా పెట్టాను! నాగరత్నమ్మ తన కొడవలి పిడి నా వైపు తిప్పి ఇచ్చింది. నాలుక కోసేశాను. గట్టిగా కుట్టిన కుట్లు, తేలిగ్గా రాలేదు.

కథ అక్కడ ఆపితే పళ్ళోడు గెలిచాడని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష పెట్టినప్పుడు, ప్రతి ఒక్కరూ బిగించే ముందు నాగరత్నమ్మ "అరుస్తున్నాడంటే బతికే ఉన్నాడు" అని గుర్తుచేసింది. నా కాలు ఆ రోజుకి చాలని డాక్టరమ్మ ఆపేశారు కాబట్టి, తన కాలే చాపుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ కాలని కూడా చూడలేదు వాళ్ళు. ఆమె పెదవి కొరుక్కున్నా, కళ్ళలో నీళ్ళు తిరిగినా, పెన్ను ఆగేదాకా బిగించారు. ఆ మాట మూడు పట్టీలకీ పనిచేసింది.

చివర్లో పట్టీలని పొలంలో ఉండే తీరుకి తేవాలని డాక్టరమ్మ మూడింటినీ బురదలో పొర్లించి, పొట్టులో దొర్లించి మళ్ళీ ఇచ్చారు. పళ్ళోడు పొట్టు మింగాడు. పళ్ళ మధ్య గడ్డి ఇరుక్కుని, ముందుకీ వెనక్కీ పోక, మధ్యలో మొరాయించాడు. సాగుడోడు తడికి జారిపోయాడు. కర్రోడు బురదతోనే తిరిగాడు.

"నీ వాడికి పళ్ళు ఊడినయ్యబ్బాయ్" అంది నాగరత్నమ్మ.

"మా ఇంట్లో అందరికీ అంతేలేమ్మా" అన్నాను. చమత్కారాలు జేబులోకి తిరిగొచ్చాయన్నమాట.

ఆదోని

వచ్చి నెల దాటింది. కర్రోడే ఖాయమయ్యాడు. కుట్టే పని నాకే ఇచ్చారు. ఓడిపోయిన పళ్ళోడు నా మిషన్ పక్కన మేకుకి వేలాడుతున్నాడు, లోపలి మడతలో తమ్ముడి పేరుతో సహా. ఆ మడత విప్పి డాక్టరమ్మకి చూపించాను. ఆమె ఆ పేరు మీద వేలితో ఒకసారి రాసి, మళ్ళీ మడిచి ఇచ్చారు.

కర్రోడి మీద ఏం రాయాలన్నది మాకు పెద్ద చర్చే అయింది. ఎలా కట్టాలో బొమ్మలున్నాయి. కట్టిన సమయం రాయడానికి తెల్ల గుడ్డ ముక్క ఉంది. పాము కాటుకి కాదు అని ఒక వైపు, ఆసుపత్రిలోనే విప్పాలి అని ఇంకో వైపు ఉంది. మధ్యలో పెద్ద అక్షరాలతో నాగరత్నమ్మ మాట ఉండాలని ఇద్దరం అనుకున్నాం. "అరుస్తున్నారంటే బతికే ఉన్నారు. వదలకండి."

"'వదలొద్దు' అంటే చిన్నగా సరిపోతుందేమో సుంకన్నా" అన్నారు డాక్టరమ్మ ఫోన్లో.

"అండి ఉండాల మేడమ్. ఆ పక్క అది లేకుంటే మాట చెవికెక్కదు."

ఏడో తరగతి దాటనివాడిని. ఇంత పొడుగు వాక్యం బడిలో ఎప్పుడూ తప్పు లేకుండా రాయలేదు. ఇప్పుడు రోజూ ఎర్ర దారంతో అదే రాస్తున్నాను. ఒక్కో పట్టీ పూర్తయ్యాక నా ఎడమ చేతికి, మోచెయ్యి పైన, ఒకసారి బిగించి చూస్తాను. కర్ర తిప్పుతుంటే నొప్పి పుడుతుంది. సరిగ్గా అక్కడ, ప్రతిసారీ, వాడు "అన్నా, కొంచెం" అంటాడు. వాడి మాట పూర్తయ్యేదాకా ఆగి వింటాను. విని, కర్రని ఇంకో అర చుట్టు తిప్పుతాను.